మరితిమ్ ఒప్పుకోని ఐదేళ్ళు

2021 జులై 22, గురువారం. ఉదయం తొమ్మిదీ నలభైకి అరప్ మరితిమ్ కిడ్నీలు పనిచేయడం లేదని డాక్టర్ నఫూలా అతని కూతురికి చెప్పింది. చెప్పింది ఆసుపత్రి గేటు దగ్గర. కరోనా వార్డులోకి బంధువులను రానివ్వడం లేదు. డాక్టరే రోజుకొకసారి గేటు దాకా వచ్చి, ఇనుప చువ్వలకు రెండు మీటర్ల అవతల నిలబడి చెబుతోంది.

కూతురి పేరు చెలగత్. వయసు నలభై ఒకటి. కాప్‌తెబెంగ్ ఊళ్ళో టీ ఆకు కొనే షెడ్డులో తూకం వేస్తుంది. తండ్రిని పదకొండు రోజుల క్రితం ఇదే గేటు దగ్గర వదిలింది. మరితిమ్‌కు ఆమె ఒక్కతే సంతానం. తల్లి లేదు.

"నిన్న పొద్దుటి నుంచి ఇవాళ పొద్దుటి దాకా వచ్చిన మూత్రం తొంభై మిల్లీలీటర్లు" అంది డాక్టర్. "టీ గ్లాసుకి సగం. రక్తంలో క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండాలి, ఏడు పాయింట్ ఎనిమిది ఉంది. పొటాషియం ఆరున్నర. ఇంకా పెరిగితే గుండె ఆగుతుంది."

"ఊపిరితిత్తుల జబ్బన్నారు. కిడ్నీల జోలికెందుకు పోయింది?"

"ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే కిడ్నీలు తట్టుకోలేవు. పైగా ఈ జబ్బులో రక్తం చిక్కబడుతుంది, సన్న నాళాల్లో అడ్డుపడుతుంది. కుర్రాళ్ళ కిడ్నీల్లో కొంత మిగులుంటుంది, దాంతో నెట్టుకొస్తాయి. వయసు పైబడే కొద్దీ ఆ మిగులు అయిపోతుంది."

"మరి మెషీన్ ఉందిగా?"

"ఒక్కటే ఉంది."

ఆ వార్డుకు ఇచ్చిన డయాలిసిస్ మెషీన్ ఒకటి. రోజుకు రెండు విడతలు నడుస్తుంది. జూన్ రెండో వారంలో వార్డు గోడకు ఒక కాగితం అంటించారు. ఆక్సిజన్ మీద ఉండి డెబ్బై ఏళ్ళు దాటిన రోగికి డయాలిసిస్ మొదలుపెట్టరని అందులో ఉంది. అంతకు ముందు ఆ వయసువాళ్ళు ఏడుగురికి మెషీన్ పెట్టారు. ఏడుగురూ చనిపోయారు. ఎవరికి పెట్టాలన్నది ముగ్గురు సభ్యుల కమిటీ రోజూ సాయంత్రం నాలుగింటికి కూర్చుని తేలుస్తుంది. ఆ రోజు సాయంత్రం విడతలో ఒక ఖాళీ ఉంది.

మరితిమ్ గుర్తింపు కార్డు మీద పుట్టిన తేదీ 1948 జనవరి 1. లెక్క ప్రకారం డెబ్బై మూడేళ్ళు.

"ఆ కార్డు తప్పు డాక్టర్" అంది చెలగత్.

"అందరూ అదే మాట. నిన్న ఒకాయన వాళ్ళ నాన్నకి యాభై తొమ్మిదే అన్నాడు. ఆ మాట చెప్పినాయనకే యాభై రెండు."

"నేనలా అనట్లేదు. మా నాన్నకి అరవై ఎనిమిది. 1979లో కార్డులు రాయడానికొచ్చిన గుమాస్తా మా ఊళ్ళో బల్ల వేసుకుని కూర్చున్నాడు. పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు. సున్తీ ఎప్పుడైందని అడిగాడు. 1963లో స్వాతంత్ర్యం వచ్చిన డిసెంబర్‌లో అన్నవాళ్ళందరికీ అప్పటికి పదిహేనేళ్ళు ఉండుంటాయని 1948 రాసుకుంటూ పోయాడు. సున్తీ అయ్యాక ఒకే గుడిసెలో ఉన్న పదకొండు మందికి ఒకటే పుట్టినరోజు."

"మీ నాన్నకి అప్పుడు పదిహేను లేవా?"

"పది. మా తాత మంచం పట్టాడు. కొడుకులిద్దరూ మగాళ్ళవడం చూసే పోతానన్నాడు. పెదనాన్నకి పదహారు, నాన్నకి పది. ఇద్దర్నీ ఒకేసారి గుడిసెకి పంపాడు. ఆ ఏడు నాన్నకి పాలపళ్ళు ఇంకా ఊడుతూనే ఉన్నాయని నానమ్మ చెప్పేది."

"నానమ్మ ఉందా?"

"లేదు. పెదనాన్న కూడా లేడు."

డాక్టర్ నఫూలా చేతిగడియారం చూసుకుంది. "పేషెంటుకి మగత వస్తూ పోతూ ఉంది కానీ స్పృహలోనే ఉన్నారు. ఆయన్నే అడుగుదాం" అని ఫోన్ తీసి వార్డుకు కలిపి, స్పీకర్ పెట్టి గేటు వైపు చాపింది.

వార్డులో ఫోన్ ఎత్తింది సిస్టర్ మొరా. ఆమె మంచం దగ్గరికి నడిచే చప్పుడు వినిపించింది.

"తాతగారూ, మీ వయసెంత?"

"కార్డు చూడు."

"కార్డులో డెబ్బై మూడుంది. మీ అమ్మాయి అరవై ఎనిమిదంటోంది."

మాస్కు పక్కకు లాగిన శబ్దం. ఊపిరి. "ఆ డిసెంబర్లో మా అమ్మాయి ఎక్కడుందట? నేను సిగేయ్ గుడిసె వాణ్ణి. సిగేయ్‌కి ఎన్నేళ్ళో నాకూ అన్నే."

"మాస్కు పెట్టుకోండి తాతగారూ. ఆక్సిజన్ ఎనభై ఒకటికి పడింది."

"నాన్నా!" అని చెలగత్ చువ్వల్లోంచి అరిచింది. ఫోన్ అప్పటికే కట్టయింది. సిస్టర్ మొరా ఆ మాటను ఫైల్లో రాసింది. రోగి చెప్పిన వయసు డెబ్బై మూడు, సమయం పదీ ఐదు.

"విన్నారుగా" అంది డాక్టర్. "నాలుగింటికి కమిటీ. ఈలోపు నాకేదైనా కావాలి. కాగితమో, మనిషో. పాత రక్తపరీక్ష ఉంటే అదీ పంపండి. ఈ కిడ్నీలు ముందు నుంచీ పాడా, ఇప్పుడే పాడయ్యాయా తెలియాలి."

మరితిమ్ ఎందుకు అలా అన్నాడో చెలగత్‌కు తెలుసు. సున్తీ తరవాత మూడు నెలలు ఒకే గుడిసెలో ఉన్నవాళ్ళు చచ్చేదాకా సమానం. ఒకరికొకరు అన్నా తమ్ముడూ అనుకోరు. వాళ్ళ పిల్లలు అందరినీ నాన్నా అనే పిలుస్తారు. ఆ సమానత్వం కోసం మరితిమ్ యాభై ఎనిమిదేళ్ళుగా పనిచేశాడు. ఆ గుడిసె వాళ్ళలో మొదట సైకిలు కొన్నది అతను. మొదట రేకుల ఇల్లు కట్టింది అతను. 1988లో ఒక విందులో ఎవరో "పాలపళ్ళు" అన్నారని లేచి వెళ్ళిపోయాడు. అన్నవాడితో రెండేళ్ళు మాట్లాడలేదు. అన్నది అదే గుడిసెవాడు సిగేయ్.

పదీ యాభైకి చెలగత్ ఇంట్లో ఉంది. కాగితాలున్న బిస్కెట్ల డబ్బా మంచం మీద బోర్లించింది. 2018లో హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్ష చీటీ దొరికింది. క్రియాటినిన్ 1.1. ఫొటో తీసి డాక్టర్‌కు పంపింది. నాలుగు నిమిషాలకు జవాబు వచ్చింది. "మంచిది. ఇది కిడ్నీల వయసు చెబుతుంది. మనిషి వయసు చెప్పదు."

పదకొండూ ఇరవైకి మోటారుసైకిల్ ఆమెను సిగేయ్ ఇంటి దగ్గర దింపింది. సిగేయ్ కొట్టం పక్కన ఆవు కోసం గడ్డి నరుకుతున్నాడు.

"సిగేయ్ నాన్నా."

"ఆ గుడ్డ తియ్యి, ముఖం కనబడట్లేదు."

"తియ్యకూడదు నాన్నా. ఆసుపత్రి గేటు నుంచి వస్తున్నా."

"అయితే ఆ అరటిచెట్టు దగ్గరే ఆగు. మీ నాన్న పోయాడా?"

"లేదు."

"పోడు. ఎవరైనా పొమ్మంటే అసలే పోడు."

"కిడ్నీలు ఆగిపోయాయి. రక్తం కడిగే మెషీన్ పెట్టాలి. డెబ్బై దాటితే పెట్టరు. కార్డు తప్పని చెప్పేవాళ్ళు కావాలి."

సిగేయ్ నరకడం ఆపలేదు. "చెప్పు మరి."

"నేను చెబితే నమ్మరు. గుడిసెలోకి వెళ్ళినప్పుడు నాన్న ఎంతవాడు?"

కత్తి ఆగింది. "ఏమన్నావ్?"

"నీకంటే ఎంత చిన్నవాడు?"

"చెలగత్, నువ్వు నాకు కూతురివి. కూతురు తండ్రిని అడిగే మాటేనా ఇది? గుడిసెలో ఎవడు పొడుగో ఎవడు పొట్టో ఆడవాళ్ళకెందుకు? నా పెళ్ళాం యాభై ఏళ్ళు కాపురం చేసింది. నోరు విప్పి ఒక్కసారి అడగలేదు."

"ఆవిడకి అడగాల్సిన పని పడలేదు."

"నోరు చూడు, అచ్చం వాడి నోరే."

"సాయంత్రం నాలుగింటి దాకే టైముంది నాన్నా."

సిగేయ్ గడ్డి కట్ట మీద కూర్చున్నాడు. "గుడిసె సంగతులు బయటపెట్టబోమని పదకొండు మందిమి ఒట్టేశాం. ఇప్పుడు ముగ్గురమే. ఒకడు నకూరులో కూతురింట్లో ఉన్నాడు, వాడికి వాడి పేరే గుర్తులేదు. ఇంకొకడు ఆసుపత్రిలో."

"అంటే చెప్పగలిగింది నువ్వొక్కడివే."

"ఒట్టు నిలబెట్టాల్సిందీ నేనొక్కణ్ణే."

మోటారుసైకిల్ అతను రోడ్డు మీంచి హారన్ కొట్టాడు. చెలగత్ చెయ్యి ఊపి ఆగమంది.

"మగాడికైతే చెబుతావా?"

"ఎవడు?"

"గుడిసెకి వెళ్ళొచ్చినవాడు. చీఫ్ టోనుయ్."

సిగేయ్ ఆలోచించాడు. "టోనుయ్ మనవాడే. అదైతే వేరు."

"మరి లే."

"నువ్వు వినకూడదు."

"వినను."

"దూరంగా నిలబడాలి."

"నిలబడతా."

"గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడాలి."

"చూసుకునే నిలబడతా నాన్నా, ముందు బయల్దేరు."

సిగేయ్ లోపలికి వెళ్ళాడు. చీఫ్ దగ్గరికి గడ్డి నరికే బట్టలతో వెళ్ళలేనన్నాడు. కోటు దొరికింది కానీ టోపీ కనబడలేదు. టోపీ దొరికాక సొరకాయ బుర్రలో ఉన్న పుల్లటి పాలు ఒక గిన్నెడు తాగాడు. చెలగత్‌కు కూడా పోశాడు. ఆమె గిన్నె పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ నడిచింది. తాగకుండానే గిన్నె గట్టు మీద పెట్టింది. ఒక బండి మీద ఒక్కరినే ఎక్కించుకోవాలన్న నిబంధన ఉంది కాబట్టి ఇంకో బండిని పిలిపించారు. బయలుదేరేసరికి పన్నెండూ ముప్పై ఐదు.

చీఫ్ అంటే ఊరి వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి. ఆయన ఆఫీసుకు తాళం. టోనుయ్ పశువులకు మందునీళ్ళ స్నానం చేయించే తొట్టి దగ్గర ఉన్నాడని పక్క కొట్టువాడు చెప్పాడు. అది నాలుగు కిలోమీటర్లు, పైగా ఎగువ. దారిలో రెండో బండి చైను ఊడింది. తొట్టి దగ్గరికి చేరేసరికి ఒకటీ నలభై ఐదు.

టోనుయ్ మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని దూడలను లెక్కపెడుతున్నాడు. చెలగత్ సంగతి చెప్పింది.

"కార్డు మీద ఏళ్ళు తగ్గించమని నా దగ్గరికి వారానికి ముగ్గురొస్తారమ్మా" అన్నాడు టోనుయ్. "పెంచమని నలుగురు. సాక్షి ఎవరు?"

"నేను" అన్నాడు సిగేయ్. "ముందు ఈ పిల్లని పంపించు."

చెలగత్ కంచె దాటి, వాలులో అరవై అడుగుల దూరం నడిచింది. గాలి తన వైపు నుంచి వాళ్ళ వైపు వీస్తోందని చూసుకుని నిలబడింది. మాటలు వినబడలేదు. సిగేయ్ చీఫ్‌కు దగ్గరగా వంగాడు. కాసేపటికి అరచేతిని నేలకు సమానంగా చాపి ఎత్తు చూపించాడు. ఆ చెయ్యి అతని నడుము దగ్గర ఉంది. టోనుయ్ నవ్వాడు. సిగేయ్ నవ్వలేదు. అప్పుడు చెలగత్ ముఖం తిప్పుకుని టీ తోటల వైపు చూసింది. సమయం రెండు గంటల రెండు నిమిషాలు.

ఉత్తరం అక్కడే బండి సీటు మీద రాయొచ్చని టోనుయ్ అన్నాడు. స్టాంపు మాత్రం ఆఫీసులో ఉంది. మళ్ళీ నాలుగు కిలోమీటర్లు దిగారు. ఆఫీసు తాళం చెవి సహాయకుడి దగ్గర ఉంది, అతను టీకా వరసలో ఉన్నాడు. చెలగత్ ఆ వరస దాకా పరుగెత్తి తాళం చెవి తెచ్చింది. ఉత్తరం మీద రెండూ ముప్పై ఎనిమిదికి స్టాంపు పడింది.

ఉత్తరంలో ఇలా ఉంది. "సాక్షి నాకు చెప్పిన సంగతులు ఇక్కడ రాయడానికి వీల్లేనివి. వాటిని బట్టి అరప్ మరితిమ్ తన కార్డులో ఉన్న వయసుకంటే కనీసం ఐదేళ్ళు చిన్నవాడని ధ్రువీకరిస్తున్నాను."

"నీ సంగతేంటి పెద్దాయనా?" అన్నాడు టోనుయ్, స్టాంపు ఇంకా చేతిలోనే పట్టుకుని. "నీ కార్డు కూడా ఆ గుమాస్తా రాసిందేగా. ఈ తడి ఆరకముందే నీదీ రాసిచ్చేస్తా."

"నాది సరిగ్గానే ఉంది" అన్నాడు సిగేయ్. "నాకప్పటికే గడ్డం వచ్చింది."

చెలగత్ ఉత్తరం ఫొటో తీసి డాక్టర్‌కు పంపింది. మూడుకు పది నిమిషాలుండగా డాక్టర్ ఫోన్ చేసింది.

"ఉత్తరం బావుంది. కానీ ఫైల్లో పేషెంటే స్వయంగా డెబ్బై మూడన్నట్టు ఉంది. సిస్టర్ సంతకంతో. కమిటీలో ఉన్న, ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టర్ ముందు ఆ లైనే చదువుతారు."

"ఆయన పరువు కోసం అన్నాడు డాక్టర్."

"పరువు కోసమని ఫైల్లో రాయలేను. ఆ మాట ఆయనే మార్చాలి. ఇప్పుడు పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిది."

చెలగత్ ఫోన్ దించి సిగేయ్ వైపు చూసింది. అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"నేను చెబితే వినడు" అంది.

"నా మాటా వినడు. పాలపళ్ళన్నానని రెండేళ్ళు ముఖం చూడలేదు. ఇప్పుడు ఫోన్ చేసి నువ్వు చిన్నవాడివని చెప్పనా? మంచం దిగొచ్చి కొడతాడు."

"దిగొస్తే మంచిదేగా నాన్నా."

సిగేయ్ ఆమెను చూశాడు. చెయ్యి చాపాడు. "వాడికి కలిపి ఇలా ఇవ్వు. నువ్వు ఆ నీళ్ళ ట్యాంకు వెనక్కి పో. టోనుయ్, నువ్వు కూడా."

"నేను గుడిసెకి వెళ్ళినవాణ్ణే పెద్దాయనా!"

"నా గుడిసెకి కాదుగా. పో."

ఫోన్ కలిసింది మూడూ పన్నెండుకు. చార్జింగు పదకొండు శాతం ఉంది. చెలగత్ ట్యాంకు వెనక నిలబడి రెండు చేతులతో చెవులు మూసుకుంది. టోనుయ్ మూసుకోలేదు. అయినా ఏమీ వినబడలేదని తరవాత చెప్పాడు.

వార్డులో జరిగింది సిస్టర్ మొరా చెప్పినదే. రోగి చెవికి సరిగ్గా వినబడదు కాబట్టి స్పీకర్ పెట్టి దిండు మీద ఉంచింది. వాళ్ళు మాట్లాడింది కిప్సిగిస్ భాష. మొరా కిసీ తెగ మనిషి, ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్క మంచాల మీద ఇద్దరున్నారు, ఇద్దరూ గొట్టాల మీద మత్తులో ఉన్నారు. ఫోన్లో మనిషి ఒక నిమిషం ఆపకుండా మాట్లాడాడు. రోగి ఒకే మాట రెండుసార్లు అన్నాడు, కాదు అన్నట్టుగా తల ఊపాడు. ఫోన్లో మనిషి మళ్ళీ మాట్లాడాడు, ఈసారి మెల్లగా. రోగి ఛాతీ ఎగిరెగిరి పడింది. ఫిట్స్ అనుకుని మొరా మంచం మీదికి వంగింది. అతను నవ్వుతున్నాడు. ఆక్సిజన్ డెబ్బై తొమ్మిదికి పడింది.

తరవాత అతను మాస్కు పక్కకు జరిపి ఆమెకు తెలిసిన స్వాహిలీలో అన్నాడు.

"రాసుకో అమ్మా. అరవై ఎనిమిది."

"నిజమేనా తాతగారూ? పొద్దున డెబ్బై మూడన్నారు."

"తాతగారూ అనకు. అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి."

మొరా రాసింది. సమయం మూడూ ఇరవై ఒకటి.

కమిటీ నాలుగూ ఐదుకు కూర్చుంది. డాక్టర్ నఫూలా, నర్సుల ఇన్‌చార్జి, మత్తు డాక్టర్. బల్ల మీద చీఫ్ ఉత్తరం ఫొటో, 2018 రక్తపరీక్ష, ఫైల్లో రెండు లైన్లు.

"పొద్దున డెబ్బై మూడు, మధ్యాహ్నం అరవై ఎనిమిది" అన్నాడు మత్తు డాక్టర్. "ఇదే లెక్కన రేపటికి కుర్రాడవుతాడు. అసలు ఈ ఐదేళ్ళతో ఏం మారింది? ఊపిరితిత్తులు అవే, కిడ్నీలు అవే."

"ఏమీ మారలేదు" అంది నఫూలా. "గీతకి ఏ పక్కనున్నాడో అది మారింది."

"ఆ గీత మనమే గీశాం."

"అవును. అందుకే దాని ప్రకారమే అడుగుతున్నా. మూడేళ్ళ క్రితం ఈయన కిడ్నీలు బాగున్నాయి. ఇది కొత్త దెబ్బ. కోలుకోవచ్చు."

ఇద్దరు ఒప్పుకున్నారు. మత్తు డాక్టర్ తన అభ్యంతరం రాయించాడు. ఆ సాయంత్రం విడతకు ఇంకో పేరు కూడా ఉంది, స్కూలు బస్సు నడిపే యాభై ఏడేళ్ళ మనిషి. అతని పొటాషియం ఐదు పాయింట్ నాలుగు. అతన్ని మర్నాడు పొద్దుటి విడతకు మార్చారు. ఎనిమిదీ పదిహేనుకు అతనికి మెషీన్ పెట్టారు.

మరితిమ్‌కు మెషీన్ ఆ సాయంత్రం ఐదూ నలభైకి మొదలైంది. చెలగత్ అప్పుడు గేటు దగ్గర ఉంది. ఫోన్ ఆగిపోయింది. ఏడింటికి కర్ఫ్యూ, ఊరికి ముప్పావు గంట దారి. గార్డు ఆమెను ఆరుంపావుకు పంపేశాడు.

"మొదలెట్టారా?" అని అడిగింది.

"నాకెలా తెలుస్తుందమ్మా? నేను గేటు చూస్తా."

"ఎవరైనా బయటికొస్తే అడుగు."

"అడిగి ఏం చెయ్యను? నీ ఫోన్ చచ్చిపోయిందిగా. పద, పోలీసులు రోడ్డు మీదే ఉన్నారు."

మర్నాడు తొమ్మిదిన్నరకు డాక్టర్ గేటు దగ్గరికి వచ్చేదాకా ఆమెకు ఏమీ తెలియలేదు. పొటాషియం ఐదు పాయింట్ ఒకటి అని డాక్టర్ చెప్పింది. మూత్రం సంగతి అడిగితే ముప్పై మిల్లీలీటర్లు అంది.

"తగ్గిందా?"

"తగ్గింది. మెషీన్ రక్తాన్ని కడుగుతుంది, కిడ్నీలని బాగుచెయ్యదు. అవి లేవాలి."

"ఎప్పుడు లేస్తాయి?"

"లేస్తే రెండు వారాల్లో."

"లేవకపోతే?"

"రేపు పొద్దున రండి" అని డాక్టర్ లోపలికి వెళ్ళింది.

ఆ తరవాత చెలగత్ రోజూ పొద్దున షెడ్డులో తూకం వేసి, ఎనిమిదింటికి బండి ఎక్కి గేటు దగ్గరికి వచ్చేది. అంకె రాసుకుని తిరిగి వెళ్ళేది. దారిలో సిగేయ్ అరటిచెట్టు దగ్గర నిలబడి ఉండేవాడు. బండి ఆపకుండానే ఆమె అంకె అరిచేది.

"ముప్పై ఐదు!"

"గ్లాసుల్లో చెప్పు!"

"గ్లాసు లేదు, చెంచాలే!"

జులై 27న అరవై. 28న యాభై. ఆ రోజు సిగేయ్ టోపీ తీసేసి రోడ్డు మీదికి వచ్చి బండి ఆపాడు. ఆ అంకె రెండోసారి చెప్పించుకున్నాడు. వెళ్ళమని చెయ్యి ఊపాడు. 30న రెండు వందల నలభై. ఆగస్టు 4న పదకొండు వందల యాభై.

"లీటరు దాటింది నాన్నా!"

"ఆవు కంటే నయం!" అని సిగేయ్ వెనక నుంచి అరిచాడు.

మెషీన్ మొత్తం ఆరుసార్లు పెట్టారు. ఏడోసారి అవసరం లేదన్నారు. ఆగస్టు 9న ఆక్సిజన్ తీసేశారు. ఆగస్టు 13, శుక్రవారం మరితిమ్‌ను పంపించారు. పద్నాలుగు కిలోలు తగ్గాడు. వార్డు తలుపు దాకా చక్రాల కుర్చీలో వచ్చి, అక్కడ దిగి, గేటు దాకా నడుస్తానన్నాడు. నడిచాడు. రెండుసార్లు ఆగాడు.

గేటు బయట చెలగత్, కోటూ టోపీతో సిగేయ్ నిలబడి ఉన్నారు. మరితిమ్ సిగేయ్‌ను చూసి తల ఊపాడు. సిగేయ్ తల ఊపాడు.

"ఆ రోజు ఫోన్లో ఏమన్నాడు నాన్నా?" అని చెలగత్ తండ్రిని అడిగింది.

"ఎప్పుడు?"

"మూడూ పన్నెండుకి. సిగేయ్ నాన్న."

"వానల గురించి" అన్నాడు మరితిమ్.

"ఈ ఏడు వానలు ఆలస్యం" అన్నాడు సిగేయ్.

డాక్టర్ నఫూలా కాగితం తెచ్చింది. క్రియాటినిన్ 1.9 దగ్గర నిలిచిపోయిందని, ఇంకా దిగకపోవచ్చని చెలగత్‌కు చెప్పింది. కిడ్నీలు లేచాయి కానీ పూర్తిగా లేవలేదు. ఉప్పు తగ్గించాలి. నొప్పి మాత్రలు మింగకూడదు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. కిడ్నీ పనితీరును వయసు కలిపి లెక్కగట్టిన అంకె కింద రాసి ఉంది. ముప్పై ఎనిమిది.

మరితిమ్ కాగితాన్ని కళ్ళకు దూరంగా పట్టుకుని చదివాడు. వేలు మొదటి లైను మీద ఆగింది.

"ఇది తప్పు."

"ఏది?"

"అరవై ఎనిమిది."

"మీరే చెప్పారు కదా. సిస్టర్ టైముతో సహా రాసింది."

"అప్పుడు పడుకుని ఉన్నాను. ఇప్పుడు నిలబడి ఉన్నాను. కలం ఇవ్వండి."

"నాన్నా, ఇప్పుడదంతా ఎందుకు?" అంది చెలగత్.

సిగేయ్ రోడ్డు మీద పోయే బండ్లను చూస్తున్నాడు.

డాక్టర్ కలం ఇచ్చింది. మరితిమ్ కాగితాన్ని గేటు స్తంభానికి ఆనించి అరవై ఎనిమిదిని కొట్టేసి, పక్కన డెబ్బై మూడు వేసి, తిరిగి ఇచ్చాడు. డాక్టర్ ఫోన్ తీసి కొత్త వయసుతో మళ్ళీ లెక్కగట్టింది. ముప్పై ఏడు వచ్చింది. ముప్పై ఎనిమిదిని కొట్టెయ్యకుండా దాని పక్కనే ముప్పై ఏడు రాసింది. కింద సంతకం పెట్టి, సమయం వేసింది. పదకొండూ పది.